ఇనుమునకు జింకు కవచము

ఒకే దుకాణమున కొన్న రెండు ఇనుప మేకులలో ఒకదానిని హనుమకొండలోను, రెండవదానిని శ్రీహరికోట సముద్రతీరమునను ఆరుబయట నుంచినచో, రెండవదియే ముందుగా త్రుప్పు పట్టును. కారణమేమి? త్రుప్పునకు కావలసిన ఆక్సిజను, తేమ రెండుచోట్లను కలవు. కాని సముద్రపుగాలి ఉప్పుకణములను మోసికొనివచ్చును. ఉప్పు కరిగిన నీటిపొరలో విద్యుత్తు సులభముగా ప్రవహించును. త్రుప్పు పట్టుట విద్యుద్రసాయనిక చర్య గనుక అది త్వరితమగును.

రాకెట్టునుండి విడివడు భాగములు ఊళ్లపై గాక నీటిలో పడవలెను. అందుచే ప్రయోగకేంద్రములు తరచుగా సముద్రతీరముననే యుండును. శ్రీహరికోటలో 1971లో మొదటి రాకెట్టు ఎగిరినది. 1993లో ఆరంభమైన పి.యస్.యల్.వి. రాకెట్ల మొదటి దశలోని ఘన ఇంధనములో అమోనియం పెర్క్లోరేటు కలదు. అది మండినపుడు వెలువడు హైడ్రోజన్ క్లోరైడు నీటిలో కరిగి హైడ్రోక్లోరికామ్లమగును. ఉప్పునకు ఆమ్లము తోడైనదన్నమాట! ఉక్కు కట్టడములు క్షీణించినచో రాకెట్టునకే గాక పనివారికిని అపాయమే.

అమెరికాలోని కెన్నెడీ కేంద్రమునకును ఇదే చిక్కు. అచ్చట 1966లో లోహపు పలకలను సముద్రపుటొడ్డున ఉంచి పరీక్షించు ఏర్పాటు చేసిరి. 1970 దశకములో గొడార్డ్ అంతరిక్షకేంద్రమువారు ఒక పూతను రూపొందించిరి. పొటాసియం సిలికేటు ద్రావణములో జింకుపొడి కలిపిన పూత యిది. ఇట్టివి అంతకు ముందును కలవు. సిలికా పాలు బాగుగా హెచ్చించుటయే ఇందలి విశేషము. ద్రావణి నీరే గనుక మంటల భయము లేదు. అరగంటలో పింగాణివలె గట్టిపడును. ఒక్క పూతయే చాలును.

మామూలు రంగు గీచుకొనిపోయినచో ఆ సందున త్రుప్పు చొరబడి అడుగున వ్యాపించును. ఇచ్చట అట్లు కాదు. ఇనుముకంటె జింకు సులభముగా ఎలక్ట్రానుల నిచ్చును. కావున గీత పడిన చోటను ముందు జింకే కరగి, ఇనుమును కాపాడును.

1980 దశకపు ఆరంభమున ఈ విధానము వ్యాపారసంస్థల చేతికి వచ్చినది. 1986లో శతజయంతి జరుపుకొన్న న్యూయార్కు స్వాతంత్ర్యదేవి విగ్రహమును బాగుచేసినపుడు, లోపలి ఇనుప కట్టడమునకు దీనినే పూసిరి.

దీని మూలసూత్రమును పాఠశాలలోనే చూడవచ్చును. రెండు గాజుగ్లాసులలో ఉప్పునీరు పోసి, ఒకదానిలో ఉత్త మేకును, రెండవదానిలో జింకురేకు గట్టిగా చుట్టిన మేకును, కొంతభాగము కనబడునట్లు ఉంచవలెను. కొన్ని దినములకు మొదటి నీరు ఎఱ్ఱబారును. రెండవ మేకు రేకు లేని చోటను చాలవరకు శుభ్రముగా నుండును. కరగిపోవునది జింకు, నిలుచునది ఇనుము.