బళ్ళారి రాఘవ: రంగస్థలము నుండి వెండితెరకు

నటుని కళకు ఒక శాపమున్నది. చిత్రకారుడు వ్రాసిన పటము గోడమీద మిగులును. కవి చెప్పిన కావ్యము అచ్చులో మిగులును. నటుడు సృష్టించినది మాత్రము తెర దిగిన మఱుక్షణముననే మాయమగును. చూచినవారు చెప్పుకొనవలసినదే, వినినవారు ఊహించుకొనవలసినదే. ఈ శాపమునకు చలనచిత్రము విమోచనమగునని ఒకప్పుడు నటులెందఱో ఆశించిరి. ఫ్రెంచి రంగస్థలమును ఏలిన సారా బెర్నార్ తన అరువదియేడవ యేట, 1912లో, ఎలిజబెత్ రాణిగా చిత్రమున నటించినది. అది మూకీచిత్రము. ఆమె పేరు చెప్పగానే లోకము తలచుకొను ఆ కంఠమే అందులో లేదు! రంగస్థల మహానటుడు వెండితెరకు వచ్చినపుడు ఏమి మిగిలినది, ఏమి జాఱిపోయినది అను ప్రశ్నకు మన తెలుగునాట చక్కని ఉదాహరణము బళ్ళారి రాఘవగారు.

రాఘవగారి పూర్తి పేరు తాడిపత్రి రాఘవాచార్యులు. 1880 ఆగస్టు 2వ తేదీన అనంతపురము జిల్లా తాడిపత్రిలో జన్మించిరి. ‘ఆంధ్ర నాటక పితామహు’డని పేరొందిన ధర్మవరము రామకృష్ణమాచార్యులుగారు వారికి మేనమామ. ఆనాటి బళ్ళారి చిన్న పట్టణమేయైనను నాటకములకు పెద్ద రాజధాని. ఒకవైపు ధర్మవరమువారి సరస వినోదినీ సభ, మఱొకవైపు కోలాచలం శ్రీనివాసరావుగారి సుమనోరమ సభ. ఈ రెండు సమాజముల పోటీ నడుమ పెరిగిన బాలునకు నాటకము గాలివలె అబ్బినదనిన అతిశయోక్తి కాదు. మదరాసు క్రైస్తవ కళాశాలలో పట్టము పొంది, న్యాయశాస్త్రము చదివి, 1905 నుండి వారు బళ్ళారిలో న్యాయవాదిగా స్థిరపడిరి. క్రిమినల్ వ్యాజ్యములలో గట్టి పేరు సంపాదించిరి. పబ్లిక్ ప్రాసిక్యూటరు పదవియు, రావు బహద్దరు బిరుదమును వెతుకుకొని వచ్చినవి.

రాఘవగారు నాటకమువలన జీవించినవారు కారు. న్యాయస్థానమున ఆర్జించి, ఆ ఆర్జనను రంగస్థలమున వెచ్చించిరి. కనుకనే టిక్కెట్టు కొన్న ప్రేక్షకునకు వెఱవవలసిన అవసరము వారికి లేకపోయినది. ఆ నిర్భయత్వమే వారి సంస్కరణములకు మూలమని నా అభిప్రాయము.

ఏమి ఆ సంస్కరణములు? అప్పటి మన నాటకశాలలో పద్యమే రాజు. నటుడు రంగము ముందునకు వచ్చి, పాత్రను మఱచి, హార్మోనియము వాని వంక ఒకసారి చూచి రాగము నెత్తుకొనెడివాడు. ‘వన్స్‌మోర్’ అని కేకలు వచ్చినచో మరణించిన పాత్రయు లేచి మఱల పాడి మఱల మరణించెడిది. కుమారుని శవముముందు విలపించు చంద్రమతికి ఆలాపన ఎందుకని రాఘవగారు నిలదీసిరి. పద్యము మాటవలె పలుకవలెను. అర్థము చెడునట్లు రాగమును సాగదీయరాదు. నోరు మూసికొని ఉన్నప్పుడును నటుడు పాత్రలోనే ఉండవలెను. కన్ను, బొమముడి, నడక, చివరకు మౌనము కూడ మాట్లాడవలెను. కోలాచలమువారి ‘రామరాజు చరిత్ర’లో పఠాన్ రుస్తుం పాత్రకు అంతటి కీర్తి వచ్చుటకు కారణము పద్యములు కావు, ఈ అభినయమే. హరిశ్చంద్రుడు, దుర్యోధనుడు, హిరణ్యకశిపుడు, షేక్‌స్పియరు నాటకములలోని ఒథెల్లో, షైలాక్ – ఇన్ని పాత్రలను వారు ధరించిరి. తెలుగు, కన్నడము, హిందీ, ఇంగ్లీషు భాషలలో నటించిరి. 1927లో బెంగుళూరి ప్రాంతమున విశ్రాంతి తీసికొనుచుండిన గాంధీమహాత్ముడు వారి హిందీ నాటకము ‘దీనబంధు కబీరు’ను చూచెను. ఆ దశాబ్దము చివర రాఘవగారు ఐరోపాకు పోయి, అచ్చటి నాటకశాలలను పరిశీలించి, బెర్నార్డ్ షాను కలిసికొని వచ్చిరి.

రెండవ సంస్కరణము ఇంతకన్న కష్టమైనది. స్త్రీపాత్రలను స్త్రీలే ధరించవలెనని వారు పట్టుపట్టిరి. అప్పుడు స్థానం నరసింహారావుగారు సత్యభామగా తెలుగుదేశమును ముగ్ధము చేయుచున్న కాలమది. స్థానమువారి ప్రతిభను కాదనుట ఎవరి తరమునుగాదు. కాని ఒక మహానటుని ప్రతిభను చూపి సగము మానవజాతికి రంగస్థలము తలుపు మూయుట న్యాయమా? ఇది రాఘవగారి వాదము. వాదముతో ఆగక కొమ్మూరి పద్మావతీదేవి, కొప్పరపు సరోజిని వంటి విద్యావతులను రంగస్థలమునకు తెచ్చిరి. పి. వి. రాజమన్నారుగారి ‘తప్పెవరిది?’ వంటి సాంఘిక నాటకమున మగవాడు చీర కట్టుకొని వచ్చినచో చూచువారికి నవ్వు వచ్చును గాని నమ్మకము కలుగదు గదా!

ఇచ్చట ఒక మాట. మేడ్చల్ మీదుగా నిజామాబాదు వైపు పోవు బాటలోని పల్లెలవారికి చిందు భాగవతము తెలిసినదే. అందు స్త్రీలు తరతరములుగా ఆడుచున్నారు. నిజామాబాదు ప్రాంతపు చిందుల ఎల్లమ్మ, 2005లో మరణించువఱకు, పురుషపాత్రలకు కూడ ప్రసిద్ధురాలు. పట్టణపు నాగరకులు తలబ్రద్దలు కొట్టుకొన్న సమస్య పల్లె కళాకారులకు సమస్యయే కాలేదు. నాటకచరిత్ర వ్రాయువారు ఈ సంగతిని తఱచుగా విస్మరింతురు.

ఇక వెండితెర. తెలుగు మాటాడు చిత్రము 1932లో ‘భక్త ప్రహ్లాద’తో ప్రారంభమైనది. రాఘవగారు చిత్రములలోనికి వచ్చుసరికి 1936వ సంవత్సరము, వారికి ఏబదియైదు దాటినవి. ‘ద్రౌపదీ మానసంరక్షణము’లో వారు దుర్యోధనుడు, బందా కనకలింగేశ్వరరావుగారు శ్రీకృష్ణుడు, సురభి కమలాబాయి ద్రౌపది. అదే సంవత్సరమున అదే కథతో ‘ద్రౌపదీ వస్త్రాపహరణము’ అను పోటీచిత్రము వెలువడినది. అందు యడవల్లి సూర్యనారాయణగారు దుర్యోధనుడు, కన్నాంబ ద్రౌపది. జనము రెండవదానినే ఆదరించిరి. రాఘవగారి చిత్రము పరాజయము పొందినది.

దీని కారణమును గూర్చి కొంత ఆలోచింపవలెను. రంగస్థల నటుని స్వరము చివరి బల్లపై కూర్చున్నవానికి వినబడవలెను, చేయి ఎత్తినచో వానికి కనబడవలెను. కెమెరా ఎదుట ఇంత అవసరము లేదు. కనురెప్ప కదలినను అది పట్టుకొనును. ఆ లెక్కన సూక్ష్మాభినయము ప్రాణముగాగల రాఘవగారికి కెమెరా అత్యంత అనుకూలము కావలసినది. కాని 1936 నాటి పౌరాణిక చిత్రములు రంగస్థలపు పద్యములను ఉన్నవున్నట్లు తెరమీదికి దించినవి. ఏ పద్యపు ఆర్భాటమును వారు జీవితమంతయు కాదనిరో, దానినే జనము టాకీలో కోరుకొనిరి. పైగా చిత్రమున అభినయము తునకలు తునకలుగా సాగును. ప్రేక్షకుని ఎదుట మూడుగంటలు ఒక పాత్రను క్రమముగా పెంచుకొనిపోవుటకు అలవడినవానికి అది చేయి కట్టివేసినట్లుండును.

1939లో వచ్చిన ‘రైతుబిడ్డ’ దీనికి భిన్నము. గూడవల్లి రామబ్రహ్మముగారు దర్శకులు. కిరీటములు లేవు, గదలు లేవు. రాఘవగారు నర్సిరెడ్డి అను చిన్న రైతు. షావుకారు అప్పు, కరణము ఎత్తులు, జమీందారు బలము నడుమ నలుగు మనిషి ఆయన. విశేషమేమనగా, ఈ చిత్రమును నిర్మించిన సారథి ఫిలిమ్సుకు వెనుక నిలిచినవారు స్వయముగా చల్లపల్లి జమీందారుగారే! తక్కిన జమీందారులు కొందఱు ఆగ్రహించిరి. కొన్నిచోట్ల ప్రభుత్వము చిత్రప్రదర్శనమును నిషేధించినది. రావు బహద్దరు బిరుదముగల ప్రభుత్వ న్యాయవాది, అదే ప్రభుత్వము నిషేధించిన చిత్రమున రైతుగా నిలుచుట సామాన్యమైన విషయము కాదు. దుర్యోధనునిగా తెరకు అందని రాఘవ, నా దృష్టిలో, నర్సిరెడ్డిగా అందినాడు. 1940లో ఆర్. ఎస్. ప్రకాశ్ దర్శకత్వమున వెలువడిన ‘చండిక’తో వారి చిత్రజీవితము ముగిసినది. మొత్తము మూడే చిత్రములు.

రాఘవగారు 1946 ఏప్రిల్ 16వ తేదీన మరణించిరి. కందుకూరి వీరేశలింగముగారి పుట్టినదినమును ఏప్రిల్ 16యే. దానినే నేడు తెలుగు నాటకరంగ దినోత్సవముగా జరుపుకొనుచున్నారు. 1953లో ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు బళ్ళారి మైసూరు రాష్ట్రమునకు పోయినది. 1981లో భారత ప్రభుత్వము రాఘవగారి బొమ్మతో తపాలాబిళ్ళను వెలువరించినది. బళ్ళారిలో వారి పేర వెలసిన రాఘవ కళామందిరమున తెలుగు నాటకములును, కన్నడ నాటకములును ఆడుచున్నారు.