భారం పడినప్పుడు బలం తగ్గే ఔట్‌బోర్డు మోటారు: దోషనిర్ణయంలో అన్వయవ్యతిరేకాలు

వ్యాససంగ్రహం: ఒడ్డున సక్రమంగా తిరిగి, వలలు, మనుషుల బరువుతో సాగేటప్పుడు బలం కోల్పోయే ఔట్‌బోర్డు మోటారులో దోషాన్ని గుర్తించే క్రమాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. తర్కశాస్త్రంలోని అన్వయవ్యతిరేకాలు, ఉపాధి అనే భావనలు ఈ నిర్ణయానికి ఎలా తోడ్పడతాయో పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఔట్‌బోర్డు మోటారు, భారం, ఉపాధి, అన్వయవ్యతిరేకాలు, ఇంధన సరఫరా.

1. ప్రస్తావన

ఆంధ్ర తీరంలో ఫైబరు తెప్పకు ఔట్‌బోర్డు మోటారు బిగించుకొని వేటకు వెళ్ళడం నేడు సాధారణం. ఒడ్డుకు ముందు విరిగే కెరటాలను దాటే కొద్ది నిమిషాల్లోనే మోటారుకు పూర్తి బలం అవసరం. అక్కడ వేగం తగ్గితే తెప్ప అలకు అడ్డం తిరిగి బోల్తాపడే ప్రమాదం ఉంది. అందువల్ల ‘ఖాళీగా బాగానే తిరుగుతోంది, బరువు పడితే లాగడం లేదు’ అనే ఫిర్యాదు తేలికగా తీసుకోదగినది కాదు.

ఈ ఫిర్యాదుకు తరచుగా జరిగే చికిత్స ఇది: స్పార్కు ప్లగ్గు మారుస్తారు, పనిలో పనిగా ఇంధన వడపోతను కూడా కడుగుతారు. మోటారు బాగుపడుతుంది. కీర్తి ప్లగ్గుకు దక్కుతుంది. వడపోతలోకి చెత్త ఎక్కడినుంచి వచ్చిందో ఎవరూ వెతకరు కనుక, కొన్నాళ్ళకు అదే జబ్బు తిరిగివస్తుంది.

2. భారం అనే ఉపాధి

నిప్పు ఉన్నచోటల్లా పొగ ఉండదు. తడి కట్టె తోడైనప్పుడే పొగ పుడుతుంది. ఆ తడి ఇంధన సంయోగాన్ని అన్నంభట్టు తర్కసంగ్రహంలో ఉపాధికి ఉదాహరణగా చూపాడు. మోటారు విషయంలో భారం స్థూలంగా ఇటువంటిదే. సన్నబడిన ఇంధనధార నెమ్మదిగా తిరిగే ఇంజనుకు సరిపోతుంది. పూర్తి థ్రాటిల్‌లో చాలదు. కాబట్టి నీళ్ళ డ్రమ్ములో ముంచి ఖాళీగా తిప్పి చూసిన పరీక్ష దోషం లేదని నిరూపించదు.

3. తొలి ప్రశ్న

బలం తగ్గిన క్షణంలో ఇంజను చప్పుడు పెరిగిందా, తగ్గిందా? దీనికి సమాధానం దొరికితే సగం శోధన ముగిసినట్లే.

చప్పుడు పెరిగి తెప్ప మాత్రం మందగిస్తే, ఇంజను బలం నీటికి చేరడం లేదని అర్థం. మోటారును మరీ ఎత్తుగా బిగించినందువల్ల ప్రొపెల్లరు గాలిని లాక్కుంటూ ఉండవచ్చు. లేదా ప్రొపెల్లరు నడుమ ఉండే రబ్బరు బుష్ జారుతూ ఉండవచ్చు. ఈ రెండవ అనుమానానికి సులువైన పరీక్ష ఉంది: మోటారు ఆపి, బుష్ లోపలి భాగానికీ బయటి భాగానికీ కలిపి ఒకే గీతగా రంగు పూయాలి. భారంతో నడిపి వచ్చాక గీత విడిపోయి ఉంటే బుష్ జారినట్లు.

చప్పుడు కూడా కుంగిపోతే దోషం ఇంజనులోనో, ఇంజనుపై పడిన అతిభారంలోనో ఉంది.

4. ఇంధన మార్గం

ఇంజను కుంగినప్పుడు ముందుగా అనుమానించవలసింది ఇంధనాన్నే. ట్యాంకుకూ మోటారుకూ నడుమ గొట్టంలో చేతితో నొక్కే రబ్బరు బల్బు ఉంటుంది. మోటారు నీరసించగానే ఒకరు దాన్ని నొక్కాలి. నొక్కితే బలం పుంజుకోవడం అన్వయం. మానితే మళ్ళీ కుంగడం వ్యతిరేకం. రెండూ కుదిరితే ఇంధనం చాలినంత అందడం లేదన్నది స్థిరపడుతుంది. ఇంధన పంపు పొర బలహీనపడిందా, గొట్టం అతుకుల్లోంచి గాలి చొరబడుతోందా అన్నది ఆ తర్వాతి వెతుకులాట.

బల్బు తనంతట తానే చదునుగా అణగిపోతే ఆటంకం దానికి ముందు, అంటే ట్యాంకు వైపు ఉంది. అప్పుడు ట్యాంకు మూతను కాస్త సడలించాలి. వెంటనే బలం వస్తే మూతలోని గాలిరంధ్రం పూడిపోయిందన్నమాట. పైసా ఖర్చులేని ఈ పరీక్షను అందరూ చివరికి వదిలేయడం విచిత్రం.

బల్బు గట్టిగానే ఉండి, నొక్కినా ఫలితం లేకపోతే చోక్‌ను కొద్దిగా లాగి చూడాలి. ఇంజను మెరుగుపడితే కార్బొరేటరులోని ప్రధాన జెట్టులో మడ్డి చేరిందని అనుమానించవచ్చు. ఆయిల్‌ను పెట్రోలులోనే కలిపే టూస్ట్రోక్ మోటారులో ఈ లోపాన్ని ఉపేక్షించి బలవంతంగా నడపరాదు. ఇంధనం తగ్గితే దానితో వచ్చే ఆయిల్ కూడా తగ్గుతుంది. పిస్టను పట్టేసే ప్రమాదం ఉంది.

5. ఇతర కారణాలు

రెండు సిలిండర్ల మోటారులో ఒకటి మండకపోయినా బలం పడిపోతుంది. మోటారు ఆపి ప్లగ్గులు విప్పితే, మండని సిలిండరు ప్లగ్గు ఇంధనంతో తడిసి ఉంటుంది. వేడెక్కాకే చెడే ఇగ్నిషన్ కాయిల్ చల్లగా ఉన్నప్పుడు నిర్దోషిలా కనిపిస్తుంది. మోటారు వెనుక సన్నగా చిమ్మే నీటిధార ఆగితే శీతలీకరణ చెడినట్లు, వెంటనే ఆపాలి. పెట్రోలుతో మొదలై కిరోసిన్‌కు మారే మోటార్లలో, ఇంజను వేడెక్కకముందే మార్చితే లాగుడు తగ్గుతుంది.

ఇంజను నిర్దోషమని తేలితే తెప్ప అడుగున పట్టిన నత్తగుల్లలనూ, ప్రొపెల్లరు పిచ్‌నూ చూడాలి. పిచ్ ఒక అంగుళం తగ్గిస్తే నిమిషానికి సుమారు 150 నుంచి 200 భ్రమణాలు పెరుగుతాయి.

6. పరీక్షా స్థలం

భారం లేని పరీక్ష నిరుపయోగం. కెరటాల్లో పరీక్ష ప్రాణాంతకం. ప్రశాంతమైన ఉప్పుటేరులో, వలల బరువుకు సమానంగా ఇసుక బస్తాలు వేసి, పూర్తి థ్రాటిల్‌లో నడపడమే మార్గం. ఒకరు మోటారు వద్ద, మరొకరు బల్బు వద్ద ఉండాలి. ఒక మార్పు చేశాక మళ్ళీ నడిపి చూసేవరకు రెండో మార్పు చేయరాదు. బాగుపడ్డాక, తీసిన పాత ప్లగ్గును తిరిగి బిగించి మరోసారి నడిపి చూడాలి. అప్పుడూ మోటారు లాగితే కారణం ప్లగ్గు కాదు.