నడక ఆపిన రోజు

కాలినడకన దూరప్రయాణం చేయడం మన గోదావరి జిల్లాల వారికి కొత్తేమీ కాదు. ద్వారకా తిరుమలకో, అన్నవరానికో, మొక్కు పెద్దదైతే ఏకంగా ఏడుకొండలవాడి దగ్గరికో స్నేహితులు నలుగురైదుగురు కలిసి బయల్దేరుతూ ఉంటారు. రోజుకి ఎంత దూరం నడవాలో, రాత్రి ఎక్కడ పడుకోవాలో ముందే లెక్క వేసుకుంటారు. మధ్యలో ఒక రోజు ఆగుదామనీ అనుకుంటారు. కాని ఆ ఆగిన రోజున ఏం చేయాలో మాత్రం ఎవరూ ఆలోచించరు. నిజానికి మిగతా ప్రయాణం సాఫీగా సాగేదీ, ఆసుపత్రిలో తేలేదీ చాలావరకు ఆ ఒక్క రోజు మీదే ఆధారపడి ఉంటుంది.

మనం ఆగకపోతే శరీరమే ఆపుతుంది

1930లో గాంధీజీ దండి యాత్ర చేసినప్పుడు ఆయన వయసు అరవై. మార్చి 12న సబర్మతిలో బయల్దేరి, సుమారు 385 కిలోమీటర్లు నడిచి, ఏప్రిల్ 5న దండి చేరారు. ప్రతి సోమవారం ఆయనకు మౌనవ్రతం. ఆ రోజు నడక కూడా ఉండేది కాదు. అంటే విశ్రాంతి ముందే లెక్కలో ఉందన్నమాట.

2003లో డాక్టర్ వై.ఎస్. రాజశేఖరరెడ్డి గారు ఏప్రిల్ 9న చేవెళ్లలో పాదయాత్ర మొదలుపెట్టారు. మండు వేసవిలో నడుస్తూ రాజమండ్రి వచ్చేసరికి జబ్బుపడి, కొన్నాళ్లు ఇక్కడే ఆగిపోవలసి వచ్చింది. కోలుకున్నాక మళ్లీ నడిచి ఇచ్ఛాపురం చేరారు. ఆయన స్వయంగా వైద్యులు. ఎండకు ఆ తేడా తెలియదు కదా!

రోజుల తరబడి నడిచినప్పుడు కండరాల్లో నిలవ ఉన్న శక్తి ఖర్చయిపోతుంది. అది మళ్లీ నిండడానికి మంచి తిండితో పాటు దాదాపు ఒక రోజు పడుతుంది. చెమటతో పోయిన నీరు, ఉప్పు తిరిగి చేరాలి. పిక్కల నొప్పులు నడిచిన నాడు కంటే మర్నాడు, ఆ మర్నాడే ఎక్కువగా తెలుస్తాయి. అందుచేత ఆగిన రోజున నొప్పి పెరిగిందని కంగారు పడనక్కరలేదు.

మర్యాదలతో వచ్చే చిక్కు

మనవాళ్ల మర్యాదల సంగతి మీకు తెలియనిది కాదు. కోనసీమలో ఏ స్నేహితుడి ఇంటనో ఆగారంటే పెసరట్టు ఉప్మాతో మొదలై, పనసపొట్టు కూర, పూతరేకులు, తాపేశ్వరం కాజా దాకా వస్తాయి. తర్వాత ఊరంతా తిప్పి చూపిస్తారు. రాత్రి పేకాట. తెల్లవారుజామున మళ్లీ నడక! ఇది విశ్రాంతి కాదు, నడక కంటే పెద్ద శ్రమ.

అన్నం, పప్పు, పెరుగు, అరటిపండు కడుపునిండా తినండి. నూనె వంటలు, మిఠాయిలు రుచి చూసి వదిలేయండి. ఉప్పు వేసిన మజ్జిగ, కొబ్బరి నీళ్లు తాగుతూ ఉండండి. మూత్రం లేత పసుపు రంగులో ధారాళంగా వస్తే నీరు సరిపోయినట్టే. ఉత్త నీళ్లే చెంబులకొద్దీ తాగేయడం కూడా మంచిది కాదు. రక్తపోటు ఉన్నవారు ఉప్పు పానీయాల గురించి బయల్దేరే ముందే తమ డాక్టరును అడగాలి. కాలువ నీళ్లు మాత్రం కాచకుండా తాగవద్దు. మధ్యాహ్నం ఒక కునుకు, రాత్రి ఎనిమిది గంటల నిద్ర ఉండాలి. ఒళ్లు నొప్పులకని మందుల షాపులో దొరికే నొప్పి మాత్రలు ఇష్టం వచ్చినట్టు మింగకండి. ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అవి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి.

పాదాలు చూసుకోండి

ఆగిన రోజున మొదటి పని పాదాలు కడిగి, వేళ్ల సందుల్లో తడి తుడిచి, వెలుతురులో చూసుకోవడం. మడమ కింద కనబడకపోతే స్నేహితుణ్ణి చూడమనండి. ఇందులో మొగమాటం ఎందుకు? చిన్న బొబ్బ లేస్తే చిదమకుండా శుభ్రమైన గుడ్డ కట్టండి. పైచర్మమే దానికి మంచి కట్టు. పసుపు, కిరోసిన్ వంటివి పూయకండి. ముల్లో, మేకో దిగితే ధనుర్వాతం సూదిమందు సంగతి దగ్గరలోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అడగండి.

చక్కెర వ్యాధి ఉన్నవారికి ఈ జాగ్రత్త పదింతలు కావాలి. నేను చూసిన ఒక రోగి సంగతి చెబుతాను. స్నేహితులతో నడుస్తూ, ఆగిన రోజున హాయిగా ఉంటుందని కాళ్లు వేడినీళ్లలో పెట్టారు. ఏళ్ల తరబడి ఉన్న వ్యాధి వల్ల పాదాలకు స్పర్శ తగ్గిపోయింది. నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో తెలియలేదు. బొబ్బలెక్కాయి. చెబితే తన మూలంగా అందరూ ఆగిపోతారని, మేజోళ్లు తొడుక్కుని మరో రెండు రోజులు నడిచారు. మా దగ్గరికి వచ్చేటప్పటికి చీము ఎముక దాకా పట్టింది. బొటనవేలు తీసేయవలసి వచ్చింది. ఆయనకు నొప్పి తెలియలేదు సరే, పక్కనున్న స్నేహితులు ఒక్కసారి ఆ పాదాలు చూసి ఉంటే?

ఇంకొక సంగతి. నడక వల్ల తగ్గే చక్కెర ఆ రాత్రీ, మర్నాడూ కూడా తగ్గుతూ ఉండవచ్చు. ఇన్సులిన్ గాని, చక్కెర బాగా తగ్గించే మాత్రలు గాని వాడేవారు మోతాదు సంగతి ముందే డాక్టరుతో మాట్లాడుకోవాలి. సొంతంగా మానేయకూడదు. ఆగిన రోజున భోజనం వేళ తప్పకూడదు. ఒణుకు, చెమట, ఆకలి, తికమక కనిపిస్తే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి ఇవ్వండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయవద్దు.

ఎవరు నడవకూడదు?

ఆగిన రోజు సాయంత్రం అందరూ కూర్చుని ఒకరినొకరు అడగండి. జ్వరం ఉన్నవారు, ఒక్క పిక్కే వాచి నొప్పి పుడుతున్నవారు, మూత్రం కాఫీ డికాక్షన్ రంగులో వస్తున్నవారు, గుండెలో బరువుగా గాని ఆయాసంగా గాని ఉన్నవారు, చక్కెర వ్యాధి ఉండి పాదం మీద పుండు లేచినవారు మర్నాడు నడవకూడదు. నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి.

దారిలో ఎవరైనా ఒళ్లు కాలిపోతూ, మాట తడబడుతూ పడిపోతే అది వడదెబ్బ. జ్వరం మాత్రలు దానికి పనిచేయవు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడిపి, విసురుతూ 108కి ఫోను చేయండి.

“ఏముందిలే, నడువు, నీతో పాటు మేం లేమా!” అనడం స్నేహం అనుకుంటాం. జబ్బుపడిన మనిషి ఆ మాటకు కట్టుబడే నడుస్తాడు. మొక్కు వచ్చే ఏడాదైనా తీర్చుకోవచ్చు. తీసేసిన వేలు మళ్లీ రాదు. నడవలేనివారితో ఒకరు తోడు ఉండి బస్సెక్కించండి. మిగిలినవారు ఆయన పేరున కూడా ఒక కొబ్బరికాయ కొట్టి రండి.