మందసము వచ్చింది, చాలు!

ఎబెనెజరు యుద్ధములో ఇశ్రాయేలీయులు మొదటిసారి నాలుగు వేల మందిని పోగొట్టుకొన్నారు (1 సమూయేలు 4). అప్పుడు పెద్దలు కూడి, దేవుడు తమను ఎందుకు ఓడనిచ్చాడని ఒకరినొకరు అడుగుకొన్నారు. చాలా మంచి ప్రశ్న. అయితే జవాబు కొరకు ఎవరూ కనిపెట్టలేదు. షిలోహుకు మనుషులను పంపి మందసమును తెప్పించారు.

దానితోకూడ వచ్చినవారెవరు? ఏలీ కుమారులైన హొఫ్నీ, ఫీనెహాసులు. దేవునికి అర్పించకముందే బలిమాంసమును బలవంతముగా లాగుకొనే యాజకులు. ఈ సంగతి అందరికీ తెలుసు. అయినా పాళెములో ఒక్కరూ ఆ మాట ఎత్తలేదు. మందసము వచ్చింది, చాలు! భూమి ప్రతిధ్వనించేలా కేకలు వేశారు. విచిత్రమేమంటే, ఆ కేక విని దేవునికి భయపడినవారు ఫిలిష్తీయులు! ఈసారి కూలినవారు ముప్పది వేల మంది. మందసము పట్టబడింది. 98 ఏండ్ల ఏలీ ఆ వార్త విని పీఠముమీదనుండి వెనుకకు పడి మెడ విరిగి చనిపోయాడు.

మందసము లేనప్పుడు నాలుగు వేలు, వచ్చిన తరువాత ముప్పది వేలు. ఈ లెక్క సండేస్కూలు పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! నాకు నేను చెప్పుకోలేదు.

మాది ఒంగోలు ప్రాంతము. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మము పొందిన సంగతి మీలో చాలామంది ఎరుగుదురు. మా తాతకు తాత వారిలో ఒకడని మా ఇంటిలో చెప్పుకొంటాము. (ఏ రిజిస్టరులో చూశారని అడిగితే మాకు కోపము వస్తుంది.) అంతకు ముందు జరిగినది మాత్రం అంతగా చెప్పుకోము. 1866లో బాప్తిస్మము పొందిన యర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారము చేసిన మాదిగ. ఆ తరువాత పై కులాలవారు కొందరు సువార్తపట్ల ఆసక్తి చూపుతూనే, మాదిగలను చేర్చుకోవద్దని క్లౌ దొరను కోరారు. ఆ రోజున ఆయన, ఆయన భార్య వేరువేరుగా బైబిలు తెరిస్తే ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయము చివరి భాగమే కనబడిందని ఆయన తరువాత చెప్పారు. వద్దన్నవారి మాట నెగ్గి ఉంటే మా తాతకు తాత ఆ ఏటి ఒడ్డుకు వచ్చేవాడే కాడు.

ఇదంతా తెలిసినవాడనే నేను. కొన్ని ఏండ్ల క్రిందట ఊరి చివర గుడిసె వేసికొన్న ఒక ఆమె బిడ్డను చంకన పెట్టుకొని మొదటిసారి మా గుడికి వచ్చి, మా అమ్మ ఎప్పుడూ కూర్చునే చోట కూర్చుంది.

"అది మావాళ్ల చోటమ్మా, కొంచెం వెనక్కు జరుగు" అన్నాను. మెల్లగానే అన్నాను, నవ్వుతూనే అన్నాను. ఆమె జరిగింది. గుమ్మము దాకా జరిగింది. ఆ పూట నేనే వాక్యము చదివాను, గొంతు ఏమాత్రం తడబడలేదు. మరుసటి ఆదివారము ఆమె రాలేదు. ఆ మరుసటి ఆదివారమూ రాలేదు.

మూడవ వారము నా భార్య ఊరుకోలేదు. "మన చోటు ఖాళీగానే ఉందిగా, సంతోషమేనా?" అంది. ఆ సాయంత్రమే వెళ్లాను. క్షమించమని అడుగుదామని దారి పొడుగునా మాటలు కూర్చుకొన్నాను. నన్ను చూడగానే ఆమె లేచి, ఉన్న ఒక్క చాప దులిపి పరచి, "కూర్చోండయ్యా" అంది. నేను చెప్పదలచినది సగమే చెప్పగలిగాను.

ఆమె మళ్లీ వస్తున్నది. గుమ్మము దగ్గరే కూర్చుంటున్నది. ముందుకు రమ్మంటే "ఇక్కడ గాలి బాగుందిలెండయ్యా" అంటుంది.