క్లిప్పులు బిగించిన సాయంత్రం

తుళ్లూరు నుంచి గుంటూరుకు పెదపరిమి, తాడికొండ, లాం మీదుగా దాదాపు 30 కిలోమీటర్ల ప్రయాణం. పళ్లకు క్లిప్పులు వేయించుకున్న పిల్లలకు నెలకో, నెలన్నరకో ఒకసారి ఇలాంటి ప్రయాణం తప్పదు. డాక్టరు దగ్గర పని మాత్రం కాసేపట్లోనే అయిపోతుంది. పాత రబ్బర్లు తీసి, వైరు మార్చి, కొత్త రబ్బర్లు వేసి పంపించేస్తారు. తిరుగు ప్రయాణంలో నొప్పేమీ ఉండదు. ఇంటికొచ్చాక పిల్ల అద్దంలో కొత్త రబ్బర్ల రంగు చూసుకుని మురిసిపోతుంది కూడా.

అసలు సంగతి రాత్రి అన్నం దగ్గర బయటపడుతుంది. ముద్ద నోట్లో పెట్టుకుని నమలబోతే ముందుపళ్లు జివ్వుమంటాయి. ‘‘అమ్మా, నమల్లేకపోతున్నా’’ అంటూ కంచం పక్కకు జరుపుతుంది. డాక్టరు ఎక్కువ బిగించేశాడేమోనని తల్లికి దిగులు. ఈ వైద్యమే వద్దంటే సరిపోయేది కదా అని నాయనమ్మ నిష్ఠూరం. మర్నాడు నొప్పి ఇంకాస్త పెరిగేసరికి ఇంటిల్లిపాదీ కంగారు పడతారు.

ఆ కంగారులో చాలా భాగం అక్కర్లేనిది. క్లిప్పులు బిగించాక వచ్చే నొప్పికి ఒక లెక్క ఉంది. బిగించిన నాలుగైదు గంటలకు మొదలవుతుంది. దాదాపు 24 గంటలకు బాగా ఎక్కువవుతుంది. మూడో రోజు నుంచి తగ్గుముఖం పట్టి, వారం తిరిగేసరికి దాదాపుగా పోతుంది. ఎంత నొప్పి అన్నది మనిషిని బట్టి మారుతుంది గానీ ఈ వరస మాత్రం ఎక్కువమందిలో ఇలాగే ఉంటుంది. ఈ లెక్క తెలిసిన ఇంట్లో సగం భయం ముందే పోతుంది. డాక్టరు దగ్గరికి ఏ రోజు వెళ్లాలో కూడా దీన్ని బట్టే నిర్ణయించుకోవచ్చు. శనివారం బిగిస్తే నొప్పి ఎక్కువయ్యేది ఆదివారం. ఆ రోజు బడి ఉండదు. పరీక్షకు ముందురోజో, ఇంట్లో పెళ్లికి ముందురోజో మాత్రం పెట్టుకోకూడదు.

నులక మంచంలో పన్ను

నొప్పి ఎందుకొస్తుందో తెలియాలంటే పన్ను దవడలో ఎలా ఉంటుందో చూడాలి. గోడలో మేకు దిగ్గొట్టినట్టు పన్ను ఎముకలో బిగుసుకుని ఉండదు. ఎముక గుంటకూ పంటి వేరుకూ మధ్య సన్నని నార పొర ఉంటుంది. దాని మందం మిల్లీమీటరులో నాలుగో వంతు లోపే. నులక మంచంలో మనిషి తాళ్ల మీద ఆనుకుని ఉన్నట్టే, పన్ను ఆ నారల మీద వేలాడుతూ ఉంటుంది. మనం గట్టిగా నమిలినప్పుడు ఆ దెబ్బను కాచుకునేది ఆ నులకే.

వైరు పన్నును ఒక పక్కకు తోసినప్పుడు ఆ వైపు నార పొర నలుగుతుంది, అవతలి వైపుది సాగుతుంది. నలిగిన చోట రక్తప్రసారం మందగిస్తుంది. అక్కడి కణాలు ప్రోస్టాగ్లాండిన్ల వంటి రసాయనాలను విడుదల చేస్తాయి. అవి నరాల కొసలను రేపి ఉంచుతాయి కాబట్టి, మామూలప్పుడు పట్టించుకోని చిన్న ఒత్తిడి కూడా నొప్పిగా తోస్తుంది. రసాయనాలు పోగుపడటానికి కొన్ని గంటలు పడుతుంది. బస్సులో లేని నొప్పి రాత్రి అన్నం వేళకు రావడం అందుకే.

పన్ను కదలడానికి కూడా ఆ రసాయనాలే కావాలి. నలిగిన వైపు ఎముకను తినేసే కణాలు చేరతాయి, సాగిన వైపు ఎముకను కట్టే కణాలు పనిలో దిగుతాయి. ఇటు తవ్వకం, అటు పూడిక జరుగుతూ పన్ను నెలకు దాదాపు ఒక మిల్లీమీటరు జరుగుతుంది. గట్టిగా బిగిస్తే తొందరగా కదులుతాయన్న మాట నిజం కాదు. ఒత్తిడి మితిమీరితే ఆ చోటికి రక్తం అందక నార పొర చచ్చుబడుతుంది. అది బాగుపడేదాకా, అంటే కొన్ని వారాలపాటు, పన్ను ఉన్నచోటనే ఆగిపోతుంది. కాబట్టి నొప్పి ఎక్కువైతే వైద్యం జోరుగా సాగుతోందని గానీ, నొప్పి లేకపోతే సాగడం లేదని గానీ అనుకోనక్కర్లేదు.

నౌకాదళం నుంచి నోట్లోకి

ఇప్పటి పిల్లల నొప్పి పాతతరం వాళ్లు పడ్డదానికన్నా తక్కువే అంటారు. దానికి కారణం ఒక లోహం. 1960 ప్రాంతాల్లో అమెరికా నౌకాదళ ఆయుధ పరిశోధనశాలలో విలియం బ్యూలర్ అనే లోహ శాస్త్రవేత్త నికెల్, టైటానియం కలిపి ఒక మిశ్రమ లోహం తయారు చేశారు. వంచినా తన పాత ఆకారం తనకు గుర్తే అన్నట్టు మళ్లీ అలాగే తిరిగొచ్చే లోహమది. రెండు లోహాల పేర్లకు ఆ పరిశోధనశాల పేరులోని తొలి అక్షరాలు చేర్చి నిటినాల్ అన్నారు. అయోవా విశ్వవిద్యాలయ దంతవైద్యుడు జార్జ్ ఆండ్రియాసన్ 1970ల తొలినాళ్లలో దాన్ని పళ్ల వైద్యంలోకి తెచ్చారు. స్టీలు వైరు మొదట గట్టిగా లాగి, ఆ తర్వాత చప్పున సడలిపోతుంది. నిటినాల్ వైరు మెల్లగా, ఎక్కువ రోజులు, ఇంచుమించు ఒకే తీరుగా లాగుతుంది.

ఈ లోహానికి మరో గుణం ఉంది. వేడికి స్పందించే రకం నిటినాల్ వైరు నోటి వేడిలో బిగువుగా ఉండి, చల్లదనం తగలగానే కాసేపు మెత్తబడుతుంది. నొప్పి రోజు కుండనీళ్లు పుక్కిలిస్తే హాయిగా అనిపించడానికి అదీ ఒక కారణం. వైరు ఏ రకమైనా సరే, గుడ్డలో చుట్టిన ఐసుముక్కను బుగ్గ మీద పైనుంచి పది నిమిషాలు పెట్టుకుంటే నొప్పి తెలియడం తగ్గుతుంది.

గుంటూరు కారం, నోటి పుండు

మిరప పండే నేల మీద పిల్లకు చప్పిడి కూడు పెట్టమంటే ఏ తల్లికైనా మనసొప్పదు. అయినా మొదటి రెండు మూడు రోజులు కారం తగ్గించాల్సిందే. కొత్తగా బిగించిన వైరు, పంటికి అతికించిన బ్రాకెట్ల అంచులు బుగ్గలోపలి చర్మాన్ని గీరి పుండ్లు పడేలా చేస్తాయి. మిరపలోని క్యాప్సైసిన్ మన నరాల్లో ఏ గ్రాహకాన్ని తాకుతుందో 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. దాదాపు 43 డిగ్రీలు దాటిన వేడికి మేల్కొనేదీ ఆ గ్రాహకమే. కారం తింటే నోరు కాలినట్టుండటానికి కారణం అదే. ఈ పరిశోధన జూలియస్‌కు 2021లో నోబెల్ బహుమతి తెచ్చిపెట్టింది. మామూలు నోటికే అంత మంట అయితే, చర్మం లేచిన పుండు మీద పండుమిరపకాయ పచ్చడి పడితే చెప్పేదేముంది? పొరపాటున తగిలితే నీళ్లకన్నా పెరుగు, పాలు మేలు. క్యాప్సైసిన్ నీటిలో కరగదు. పాలలోని కొవ్వు, మాంసకృత్తులు దాన్ని పట్టి లాగేస్తాయి.

అదృష్టవశాత్తూ మన వంటింట్లో మెత్తని తిండికి లోటు లేదు. మొదటి రాత్రికి పెరుగన్నం, చల్లారిన రాగిజావ. మర్నాడు సాంబారులో నానిన ఇడ్లీ, నెయ్యి వేసి మెత్తగా కలిపిన ముద్దపప్పు అన్నం, ఉప్మా, ఉడికించిన గుడ్డు. పండ్లలో అరటి, బొప్పాయి, సపోటా. చపాతీ కావాలంటే తుంచి పాలలో నానబెట్టాలి. పాలు, పెరుగు, పప్పు, గుడ్డు ఉంటే ఆ కొద్ది రోజులూ పిల్ల ఒంట్లో సత్తువ తగ్గదు.

నొప్పి తగ్గాక కూడా క్లిప్పులున్నన్నాళ్లూ దూరంగా ఉంచాల్సినవి వేరే ఉన్నాయి: జంతికలు, చెక్కలు, చేగోడీలు, పల్లీపట్టీ, చెరకు గడ, కంకి మీదే కొరికే మొక్కజొన్న పొత్తు, మాంసంలో బొమికలు, ఆవకాయలో టెంక. ఇవి బ్రాకెట్టును ఊడగొడతాయి, వైరును వంచుతాయి. జామకాయ మానక్కర్లేదు, కొరక్కుండా సన్నని ముక్కలుగా కోసి వెనకపళ్లతో నమిలితే చాలు. వేపపుల్లతో పళ్లు తోముకునే అలవాటుంటే క్లిప్పులు తీసేదాకా ఆపాలి.

ఒక కొసరు. పళ్ల రంగులో ఉండే తెల్ల రబ్బర్లు ముద్దుగా ఉంటాయని అడిగి వేయించుకుంటారు. దుగ్గిరాల పసుపు పడిన పప్పూ చారూ తినే ఇళ్లలో అవి కొద్ది రోజుల్లోనే పసుపు పచ్చగా మారతాయి. ముదురు రంగు రబ్బర్లు వేయించుకుంటే ఆ బాధ లేదు.

మాత్ర ఎప్పుడు, ఎంత

చాలామంది పిల్లలకు మెత్తని తిండి, చల్లదనం సరిపోతాయి. చాలనప్పుడు పారాసిటమాల్ వాడవచ్చు. పిల్లలకు కిలో బరువుకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు లెక్క. అంటే 40 కిలోల పిల్లకు 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. మాత్రకూ మాత్రకూ మధ్య 6 గంటల ఎడం ఉండాలి. చాలామందికి మొదటి రోజు రాత్రి ఒకటి, మర్నాడు ఒకటి రెండు వేసుకుంటే సరిపోతుంది.

ఐబుప్రొఫెన్ కూడా నొప్పి తగ్గిస్తుంది. ఇది నేరుగా ప్రోస్టాగ్లాండిన్ల తయారీకే అడ్డుపడుతుంది కాబట్టి, రోజుల తరబడి వాడితే పన్ను కదలిక మందగించవచ్చని జంతువుల మీద చేసిన పరీక్షలు సూచించాయి. ఒకటి రెండు మాత్రలకు భయం లేదు గానీ డాక్టరును అడిగి, అన్నం తిన్నాకే వేసుకోవాలి. ఉబ్బసం, కడుపులో పుండు, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు ఇది తగదు. వానాకాలంలో జ్వరం కూడా ఉండి డెంగీ అనుమానం ఉంటే అసలు ముట్టుకోకూడదు. పిల్లలకు ఆస్ప్రిన్ ఇవ్వకూడదు. నిమెసులైడ్‌ను 12 ఏళ్లలోపు పిల్లలకు వాడటాన్ని మన దేశంలో 2011లోనే నిషేధించారు. మందుల షాపులో ‘పంటినొప్పి మాత్ర’ అని అడిగి, ఇచ్చింది చూడకుండా వేసేయడం మంచిది కాదు.

లవంగనూనె పుచ్చిన పంటికి కాస్త పనిచేస్తుంది. క్లిప్పుల నొప్పి పంటి పుచ్చులో పుట్టేది కాదు, వేరు చుట్టూ ఉన్న నార పొరలో పుట్టేది. దానికి లవంగనూనె అందదు సరికదా, చిక్కటి నూనె చిగురును కాలుస్తుంది. గ్లాసు గోరువెచ్చని నీళ్లలో అర చెంచా ఉప్పు కలిపి రోజుకు మూడు నాలుగు సార్లు పుక్కిలిస్తే పుండ్లు త్వరగా మానతాయి.

చూయింగ్ గమ్ సంగతి వింటే ఆశ్చర్యం వేస్తుంది. నైరుతి ఇంగ్లండ్‌లో క్లిప్పులు వేయించుకున్న 1000 మంది పిల్లల మీద జరిపిన పరిశోధన 2016లో వెలువడింది. చక్కెర లేని గమ్ నమిలిన పిల్లలు ఐబుప్రొఫెన్ తక్కువగా వాడారు. వాళ్ల బ్రాకెట్లు ఎక్కువగా ఊడిపోనూ లేదు. నమిలినప్పుడు నలిగిన చోటికి రక్తం తిరిగి పారడమే ఇందుకు కారణం కావచ్చని వైద్యుల అంచనా. చక్కెర ఉన్న గమ్ మాత్రం పళ్లు పుచ్చడానికి దారి. చక్కెర లేనిదైనా మీ డాక్టరు సరేనంటేనే నమలాలి.

వైరు గుచ్చుకుంటే

క్లిప్పులు వేసినప్పుడే చిన్న డబ్బాలో మైనం అడిగి తెచ్చుకోవాలి. గుచ్చుకునే బ్రాకెట్టును శుభ్రమైన గుడ్డతో తడి లేకుండా తుడిచి, పెసరగింజంత మైనాన్ని వేళ్ల మధ్య మెత్తబరిచి దాని మీద అద్దాలి. తడి ఉంటే మైనం నిలవదు. వైరు కొస బుగ్గలో దిగుతుంటే, కడిగిన పెన్సిల్ రబ్బరు కొసతో మెల్లగా పంటి వైపు వంచవచ్చు. వంగకపోతే మైనం అద్ది డాక్టరుకు ఫోను చేయాలే గానీ, ఇంట్లో కటింగ్ ప్లేయరుతో ప్రయోగాలు చేయకూడదు.

నొప్పిగా ఉందని పళ్లు తోమడం మానేయడం పిల్లలు చేసే పెద్ద పొరపాటు. బ్రాకెట్ చుట్టూ పాచి చేరితే చిగుళ్లు వాస్తాయి, నొప్పికి నొప్పి తోడవుతుంది. నెల రోజుల్లోనే పంటి మీద తెల్లమచ్చలు మొదలు కావచ్చు. మెత్తటి బ్రష్షుతో, గోరువెచ్చని నీళ్లతో, మెల్లగానైనా రెండు పూటలా తోమాలి.

కనిగిరి, పొదిలి, దర్శి వైపు పల్లెల నుంచి వచ్చే పిల్లలకు మరో చిక్కుంది, అది నీళ్లలోని ఫ్లోరైడు. మద్రాసు ప్రెసిడెన్సీలో ఆ ఫ్లోరైడు వల్ల వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి వైద్యులు 1937లో తొలిసారి వివరంగా రాసింది నెల్లూరు జిల్లా పల్లెల్ని చూసే. కనిగిరి, పొదిలి, దర్శి ప్రాంతాలు ఆనాడు నెల్లూరు జిల్లాలోనివే. ఫ్లోరైడు నీళ్లు తాగి పెరిగిన పంటి పైపొర మీద బ్రాకెట్ జిగురు అంత గట్టిగా పట్టదు. ఇలాంటి పళ్ల మీద బ్రాకెట్లు తరచూ ఊడి వైరు గుచ్చుకునే అవకాశం ఎక్కువ. ఊళ్లో నీళ్ల సంగతి డాక్టరుకు ముందే చెబితే పంటిని అందుకు తగ్గట్టు సిద్ధం చేసి అతికిస్తారు.

ఒక ఫోను

2005లో వెలువడిన ఒక అమెరికా పరిశోధనలో 150 మంది రోగులను మూడు జట్లుగా చేశారు. క్లిప్పులు వేసిన తర్వాత ఒక జట్టుకు ఫోను చేసి నొప్పి గురించి ధైర్యం చెప్పారు. రెండో జట్టుకు ఫోను చేసి ఊరికే మా దగ్గరికి వచ్చినందుకు సంతోషమన్నట్టు మాట్లాడారు. మూడో జట్టుకు ఫోనే చేయలేదు. మొదటి రెండు జట్లలోనూ నొప్పి, బెంగ తక్కువగా ఉన్నాయి. ఫోనులో ఏం చెప్పారన్నదాని కన్నా, తమను తలుచుకుని ఒకరు మాట్లాడటమే వాళ్లకు ఊరటనిచ్చింది.

దంతవైద్యులకు విన్నపం ఇదే: క్లిప్పులు బిగించిన మర్నాడు మీ ఆస్పత్రి నుంచి ఒక ఫోను చేయించండి. ‘‘ఈరోజు నొప్పి ఎక్కువే, ఎల్లుండికి తగ్గుతుంది’’ అన్న ఒక్క మాట తుళ్లూరులో ఉన్న పిల్లకు మాత్రతో సమానం. తల్లిదండ్రులూ పిల్లను డాక్టరు దగ్గరికి బయల్దేరదీసే ముందే పెరుగు తోడు వేసి, మైనం డబ్బా సంచిలో పెట్టుకోండి. రాత్రి పక్కన కూర్చుని ఎలా ఉందో అడగండి. నొప్పి వారం దాటినా, ముఖం వాచినా, జ్వరం వచ్చినా, చీము కనిపించినా తర్వాతి తేదీ దాకా ఆగకుండా డాక్టరుకు చూపించండి. ఊడిన బ్రాకెట్ మింగితే సాధారణంగా ప్రమాదం లేదు; దగ్గు ఆగకపోయినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం వెంటనే ఆస్పత్రికి పరుగెత్తండి.