స్క్రూను జారనీయని అలెన్ కీ: ఎన్నుకొనుట ఎట్లు?

గడ్డి కత్తిరించు యంత్రము, పవరు స్ప్రేయరు, కలుపు కోయు బ్రష్ కట్టరు నేడు ఏర్పేడు, శ్రీకాళహస్తి, రేణిగుంట ప్రాంతపు పల్లెలలో కొత్త వస్తువులు కావు. నాగలి విరిగినచో వడ్రంగి యుండెను, కొడవలి మొండిపోయినచో కమ్మరి యుండెను. ఈ చిన్న యంత్రముల సంగతి అట్లు కాదు. పుల్లీ వదులైనను, కార్బురేటరు తీసి కడుగవలసి వచ్చినను, పట్టణమునకు పోయి మెకానిక్కును పిలుచుకొని వచ్చుటకు ఒక పూట పట్టును. అందువలన చిన్న మరమ్మతులు రైతు తన చేతనే చేసికొనుచున్నాడు. అది మంచిదే. అయితే చేతిలోనున్న పనిముట్టు సరియైనదిగా ఉండవలెను గదా!

ఈ యంత్రములలోని బోల్టులలో కొన్నింటికి తల బయట పలకలుండవు. తల నడుమ ఆరు పలకల గుంట ఉండును. ఎల్ అక్షరమువలె వంగిన ఆరు పలకల ఉక్కు కడ్డీని ఆ గుంటలో దించి త్రిప్పవలెను. దీనినే అలెన్ కీ అందురు. మన షెడ్లలో దానిని ‘ఎలంకీ’ అని పిలుచుట మీరు వినియే యుందురు. దీనిని గూర్చి వ్రాయుట ఏమున్నదని కొందరు అనుకొనవచ్చును. కాని ఈ కీ కొనమీద స్క్రూ నిలుచునా, జారిపడునా అను చిన్న విషయముపై ఆవు ప్రాణము, కొన్నిచోట్ల మనిషి ప్రాణము కూడ ఆధారపడియున్నది.

జారిన స్క్రూ ఎక్కడికి పోవును?

గడ్డి కత్తిరించు యంత్రమునే తీసికొనుడు. మోటారు పుల్లీని ఇరుసుమీద కదలకుండ పట్టియుంచుటకు తలలేని చిన్న స్క్రూ ఒకటి ఉండును. దానిని గ్రబ్బు స్క్రూ అందురు. పొడవు అరంగుళమైనను ఉండదు. పుల్లీ వదులైనప్పుడు దానిని తీసి మరల బిగించుచుండగా వ్రేళ్ళ నడుమనుండి జారి క్రింద నున్న గడ్డి ముక్కలలో పడినదనుకొందము. వెదకిన దొరకదు. ఆ గడ్డి సాయంకాలము తొట్టిలోనికి పోవును.

పశువు మేకవలె ఏరుకొని తినదు. నాలుకతో చుట్టి లాగి, సగము నమిలి మ్రింగును. మేతతోబాటు పోయిన ఇనుప వస్తువు సాధారణముగా రెండవ పొట్టలో, అనగా తేనెపట్టువంటి గళ్ళుండు పొట్టలో నిలిచిపోవును. ఆ పొట్ట ముడుచుకొనినప్పుడెల్ల వాడియైన ఇనుప ముక్క గోడను గ్రుచ్చుచుండును. దానికి ముందు వైపున, ఉదర వితానమునకు ఆవల, గుండె యున్నది. మేత మానుట, పాలు ఒక్కసారిగా తగ్గుట, వీపు పైకి వంచి నిలుచుట, నడచునప్పుడు మూలుగుట, మోచేతులు బయటికి పెట్టుట, ముదిరిన పిమ్మట గంగడోలు దగ్గర వాపు — ఈ గుర్తులు కనిపించినచో తడవు చేయక పశువైద్యుని పిలువవలెను. పొట్ట కోసి ఇనుమును తీయుట తప్ప కొన్నిసార్లు వేరు దారి లేదు.

ఇచ్చట ఒక మాట నిజముగా చెప్పవలెను. ఎక్కువ హాని చేయునవి తీగముక్కలు, మేకులు. మొండిగా నుండు గ్రబ్బు స్క్రూ వానియంత సులభముగా గ్రుచ్చుకొనదు. కాని అదే స్క్రూ తిరుగుచున్న కత్తిలో పడెనా, కత్తి అంచు పగిలి వాడియైన ఉక్కు పెచ్చులు మేతలో కలియును. అవి మేకులకు ఏమాత్రము తీసిపోవు. పెచ్చు కంటిలో పడినను అంతే.

రెండవ ప్రమాదము ఇంతకంటె మెల్లగా వచ్చును. పోయిన గ్రబ్బు స్క్రూకు బదులు చేతికి దొరికిన మామూలు తల బోల్టును పుల్లీకి బిగించుట చాలచోట్ల చూడవచ్చును. పని నడచును, నిజమే. కాని తిరుగుచున్న పుల్లీపై ఆ తల కొక్కెమువలె నిలిచియుండును. తువ్వాలు కొస, చీర కొంగు, పంచె అంచు దానికి తగులుకొనినచో మోటారును ఆపువరకు ఆగదు.

అసలు ఈ తలలేని స్క్రూ పుట్టినదే ఈ బాధ తప్పించుటకు. గత శతాబ్దపు తొలి యేండ్లలో ఫ్యాక్టరీల ఇరుసులమీద పొడుచుకొని వచ్చిన స్క్రూ తలలకు బట్టలు చిక్కి కూలీలు అవయవములు, ప్రాణములు పోగొట్టుకొనుచుండిరి. తల లోపలికే యుండి గుంటతో త్రిప్పబడు స్క్రూలు అందుకు విరుగుడుగా వ్యాపించినవి. అమెరికాలోని హార్ట్‌ఫర్డ్ పట్టణమున విలియం అలెన్ అను నతడు అట్టి గుంటను ఉక్కులో నొక్కి చేయు పద్ధతికి 1910లో పేటెంటు పొందెను. అలెన్ కీ అను పేరు అట్లు వచ్చినది. కనుక పోయిన గ్రబ్బు స్క్రూ స్థానములో మరల గ్రబ్బు స్క్రూనే వేయవలెను. ధర స్వల్పము, నాలుగు అదనముగా కొని డబ్బీలో వేసి యుంచుకొనుడు.

ఇంజను గల యంత్రములలో మరియొక చిక్కు ఉన్నది. బ్రష్ కట్టరు, పవరు స్ప్రేయరు ఇంజనులలో ఫ్లైవీలునకు అయస్కాంతములుండును. పైమూత విప్పునప్పుడు జారిన ఉక్కు స్క్రూను అవి లాగికొని దాచును. తెలియక త్రాడు లాగి స్టార్టు చేసినచో ఫ్లైవీలు రెక్కలు విరుగును. కార్బురేటరు విప్పిన గాలిదారిలోనికి స్క్రూ పోయినచో పిస్టనుకే ముప్పు. అందుచేత విప్పిన దారి నోట శుభ్రమైన గుడ్డ కుక్కిన పిమ్మటనే తక్కిన పని మొదలుపెట్టవలెను.

కొన పట్టు ఎన్ని విధములు?

మామూలు అలెన్ కీ కొనమీద స్క్రూ వదులుగా కూర్చుండును. క్రిందికి వంచగనే పడిపోవును. పడకుండ పట్టుటకు ముఖ్యముగా మూడు ఏర్పాట్లు అంగళ్ళలో ఉన్నవి.

మొదటిది అయస్కాంతపు కొన. చౌకయైనది, సులభముగా దొరకును. నల్లని ఉక్కు గ్రబ్బు స్క్రూలను బాగుగా పట్టును. కాని స్టెయిన్‌లెస్ బోల్టులను చాలవరకు పట్టదు, ఇత్తడిని, అల్యూమినియమును అసలే పట్టదు. మందు చల్లు స్ప్రేయర్లలో తుప్పు పట్టకుండుటకై స్టెయిన్‌లెస్ బోల్టులు వేయుట కలదు. కొనుటకు ముందు మీ యంత్రపు బోల్టుకు ఒక అయస్కాంతమును తాకించి చూచుకొనుడు. ఇంకొక లోపము: ఇనుప రజను కొనకు అంటుకొని గుంటలోనికి పోవును. ప్రతిసారి గుడ్డతో తుడువవలెను. ఫ్లైవీలు దగ్గర ఇట్టి కీని వాడుట చిరాకైన పని. కొన బోల్టువైపు పోక ఫ్లైవీలువైపు పోవును.

రెండవది స్ప్రింగు గుండు. కీ కొన ప్రక్కన చిన్న గుండొకటి లోపలి స్ప్రింగు బలముతో కొంచెము పైకి నిలిచి యుండును. గుంటలో దించగనే గుండు నొక్కుకొని గోడను అదుముకొనును. ఏ లోహపు స్క్రూనైనను పట్టును. గుంట లోతు తక్కువైన స్క్రూలలో మాత్రము గుండు పూర్తిగా లోపలికి దిగకపోవచ్చును. దుమ్ము, గ్రీజు గడ్డకట్టినచో గుండు బిగిసి పనిచేయదు. కిరసనాయిలులో ముంచి రెండు మూడుమార్లు నొక్కిన తిరిగి వచ్చును.

మూడవది ఉంగరపు కొన. ఇది గుండ్రని కొన గల కీలలో కనిపించును. కొన మెడ దగ్గర గాడిలో చీలిక గల ఉక్కు ఉంగరము ఇమిడి యుండి గుంట గోడలను పట్టుకొనును. జర్మనీకి చెందిన వీహా కంపెనీ ‘మ్యాజిక్ రింగ్’ అను పేర ఇట్టి కీలను అమ్ముచున్నది. పట్టు బాగుండును, ధర ఎక్కువ.

ఈ రెండును మరీ సన్నని కీలలో అరుదు. వ్యవసాయమునకు వానితో పని కూడ తక్కువే. నన్నడిగినచో గడ్డి యంత్రము, బ్రష్ కట్టరు రెండును ఉన్న ఇంటికి స్ప్రింగు గుండు గలదే మేలు. గడ్డి యంత్రము మాత్రమే ఉన్నచో అయస్కాంతపు కొన చాలును.

పట్టుకంటె ముందు చూడవలసినది కొలత

పట్టు ఎంత గొప్పదైనను కొలత తప్పిన కీ పనికిరాదు. మన యంత్రములలో అధికభాగము మిల్లీమీటరు కొలతవి. తల గల అలెన్ బోల్టులలో ఎం-5 బోల్టుకు 4 మి.మీ. కీ, ఎం-6కు 5, ఎం-8కి 6, ఎం-10కి 8 మి.మీ. కీ పట్టును. గ్రబ్బు స్క్రూలకు లెక్క వేరు: ఎం-6కు 3, ఎం-8కి 4, ఎం-10కి 5 మి.మీ. పాత యంత్రములకు, కొన్ని దిగుమతి యంత్రములకు అంగుళపు కొలత ఉండును. 5 మి.మీ. గుంటలో 3/16 అంగుళపు కీ దిగును, కాని అది 4.76 మి.మీ. మాత్రమే. గట్టిగా త్రిప్పగనే గుంట మూలలు అరిగి గుండ్రమగును. ఆ తరువాత ఆ బోల్టును ఊడదీయుట లేతు యంత్రము వాని పని.

ఇక్కడనే కొన పట్టు గల కీలు మనలను మోసగించగలవు. మామూలు కీ వదులైనచో చేతికి వెంటనే తెలియును. స్ప్రింగు గుండు ఆ వదులును కప్పిపుచ్చి, కీ బిగువుగా ఉన్నట్లే తోపించును. కనుక అంకెను చదివి కొనుడు. చేతి అంచనాను నమ్మరాదు. అంకె చెక్కని కీని కొననే వద్దు.

ఇంకొక పొరపాటు కూడ తరచుగా జరుగుచున్నది. స్టిల్ వంటి కొన్ని కంపెనీల బ్రష్ కట్టర్లలో గుంట ఆరు పలకలు కాదు, ఆరు మొనల నక్షత్రము. వానికి టి-27 అను వేరు కీ కావలెను. అలెన్ కీ అందులో దూరును గాని మొనలను చెరచును. ఎండలో గుంటను తుడిచి ఒకమారు చూచినచో తేడా తెలియును.

ఉక్కు విషయమున క్రోమ్ వనేడియం, లేదా ఎస్-2 అని ముద్రించినది మంచిది. కొన చదునుగా కోయబడి, ఆరు మూలలును వ్రేలికి పదునుగా తగులవలెను. మూలలు మొదటనే మొండిగా నున్న కీ ధర తక్కువని తెచ్చినచో బోల్టు ఖర్చు దానికి తోడగును.

అంగడిలోనే పరీక్షించుడు. మీ యంత్రపు స్క్రూను ఒకదానిని జేబులో వేసికొని పొండు. కీ కొనకు తగిలించి, క్రిందికి వంచి, పట్టిన చేతి మణికట్టును రెండవ చేతితో మూడుమార్లు తట్టుడు. నిలిచినచో మంచిది. పిదప ఆ స్క్రూను ఒక నట్టులో రెండు చుట్లు ఎక్కించి కీని లాగుడు. స్క్రూ నట్టులో నిలిచి కీ మాత్రమే రావలెను. అతిగా పట్టు కీ అడ్డదిడ్డముగా లాగవలసి వచ్చి, ఇరుకుచోట్ల స్క్రూను మరల క్రింద పడవేయును. పది కీల సెట్టు కొనవలెనని లేదు. విడిగా దొరికినచో 4, 5, 6 మి.మీ. మూడును కొన పట్టు గలవి, తక్కినవి మామూలువి చాలును.

వాడునప్పుడు

మొదట మెయిన్ స్విచ్చి ఆపి ఫ్యూజు తీయుడు. ఇంజనైనచో ప్లగ్గు వైరు ఊడదీయుడు. యంత్రము క్రింద, ప్రక్కల నున్న గడ్డిని ఊడ్చివేసి తెల్లని పాత పంచె పరచుడు. కీ ఎంత మంచిదైనను ఈ గుడ్డ పరచుట మానరాదు. పొడవు కాలి కొన గుండ్రముగా ఉన్నచో కీని 25 డిగ్రీల వరకు వాల్చి త్రిప్పవచ్చును. అమెరికాలో జాన్ బాండ్‌హస్ అను నతడు 1960లలో ఈ గుండ్రని కొన కీలను వ్యాప్తిలోనికి తెచ్చెను. ఇరుకుచోట్లకు ఇది వరము వంటిదే గాని దాని మెడ సన్నము. స్క్రూను ఎక్కించుటకు, చుట్లు త్రిప్పుటకు మాత్రమే దానిని వాడి, చివరి బిగింపు చదునైన పొట్టి కాలితోనే చేయవలెను. కీకి గొట్టము తొడిగి బలము పట్టుట వద్దు. కీ విరుగును, లేదా గుంట పగులును.

కొన పట్టు గల కీ లేనప్పుడు పని ఆపనక్కరలేదు. గుంటలో చిక్కని గ్రీజు కొంచెము పెట్టినచో చిన్న స్క్రూ అంటుకొని నిలుచును. ప్లాస్టిక్ కవరు ముక్కను గుంటపై ఉంచి కీని దించినను బిగువుగా పట్టును. పని ముగియగనే ఆ ముక్కను తీసి జేబులో వేసికొనుడు, అది గూడ తొట్టిలోనికి పోవలసినది కాదు. పాత రేడియో స్పీకరు అయస్కాంతముపై మామూలు కీ కొనను ఒకే దిక్కుగా ఇరువది ముప్పదిమార్లు రాచినచో కొంతకాలము అయస్కాంతపు గుణము వచ్చును.

అద్దె యంత్రముల కేంద్రముల బాధ్యత చూచు గ్రామోద్యోగులు ప్రతి యంత్రముతోబాటు దానికి సరిపోవు కీని ఎర్రని త్రాటితో కట్టి, రెండు గ్రబ్బు స్క్రూలు గల డబ్బీని కూడ ఇచ్చునట్లు చూడవలెను. యంత్రము తిరిగి వచ్చినప్పుడు పుల్లీని చేతితో ఒక చుట్టు త్రిప్పి, తల పైకి నిలిచిన బోల్టు ఏదైన కనిపించినచో దానిని తీయించి గ్రబ్బు స్క్రూ వేయించిన పిదపనే మరొకరికి ఇవ్వవలెను.