లిఫ్టు జారిందా... పంపును తిట్టకండి!

కార్తీకం వచ్చేసరికి నెల్లూరు తీరంలో ట్రాక్టరుకు తీరిక ఉండదు. ఈశాన్య రుతుపవనాల వానలు, సోమశిల నీళ్లు తోడై... ఇందుకూరుపేట, విడవలూరు, అల్లూరు మాగాణుల్లో దమ్ము జోరందుకుంటుంది. మరోవైపు నారు ముదిరిపోతుంటుంది. సరిగ్గా అప్పుడే పాత ట్రాక్టరు మొరాయిస్తుంది. ఇంజిను బ్రహ్మాండంగా తిరుగుతుంది, గేర్లు పడుతుంటాయి. వెనకున్న గొర్రు మాత్రం లేవదు. లేచినా గట్టు దగ్గర మలుపు తిరిగేలోపే మెల్లగా జారి బురదలో కూర్చుంటుంది.

‘పంపు పొయ్యిందన్నా!’ అనేస్తాం వెంటనే. పంపు మార్చాలంటే డబ్బు. అంతకు మించి రోజులు. ఈలోగా నాట్ల కూలీలు పక్క ఊరికి వెళ్లిపోతారు. తీరా విప్పి చూస్తే పంపు నిక్షేపంగా ఉండి, ఎక్కడో ఓ రబ్బరు రింగు తెగి ఉండొచ్చు.

కోర్టుకెక్కిన పంపు

మన పొలాల్లో బాగా తెలిసిన పాత బండి మాసీ ఫెర్గూసన్ 1035. 1960లో మొదలైన చెన్నై కంపెనీ టాఫే తయారీ. దాని పొట్టలో ఉండే పంపుకు పెద్ద కథే ఉంది. ఒకప్పుడు నాగలిని ట్రాక్టరు వెనక గొలుసుతో కట్టి లాగేవారు. నాగలి రాయికో మొద్దుకో తగులుకుంటే ట్రాక్టరు ముందుభాగం గాల్లోకి లేచి, వెనక్కి తిరగబడేది. డ్రైవరు దాని కింద పడి నలిగిపోయేవాడు. ఐర్లండుకు చెందిన హ్యారీ ఫెర్గూసన్ ఆ గొలుసు తీసేసి, మూడు చేతులతో నాగలిని ట్రాక్టరుకే తగిలించాడు. ఎత్తి దించే పని నూనె పీడనానికి అప్పగించాడు. 1938లో హెన్రీ ఫోర్డుతో చేతులు కలిపాడు... కాగితం లేదు, సంతకం లేదు! తర్వాత చెడింది. 1948లో కోర్టుకెళ్లాడు. 1952లో ఫోర్డు కంపెనీ 92.5 లక్షల డాలర్లు ఇచ్చి రాజీ పడింది. నూనె పీల్చుకునే వైపు వాల్వు ఉండే పంపును ఇక వాడబోమనీ ఒప్పుకొంది. 1035లో ఉన్నది ఆ వంశం పంపే.

ముందు ఇవి చూడండి

ఈ పంపు పీటీవో షాఫ్టుతో తిరుగుతుంది. కాబట్టి పీటీవో లివరు న్యూట్రల్‌లో ఉంటే లిఫ్టు చస్తే లేవదు. బండికి కొత్తయిన డ్రైవరు చేతిలో ఇది మామూలే. లివరు సరిగానే ఉంటే డిప్‌స్టిక్ తీసి ఆయిలు చూడాలి. తగ్గిందా? రంగు మజ్జిగలా ఉందా? మజ్జిగ రంగంటే నీళ్లు కలిసినట్టే. దమ్ములో ఇరుసుల దాకా మునిగే బండికి పాత సీళ్లలోంచి నీళ్లు దూరడం వింతేమీ కాదు. అలాంటి ఆయిలుతో కొత్త పంపు కూడా ఎక్కువ కాలం బతకదు.

అసలు పరీక్ష తర్వాత. గొర్రు పైకెత్తి ఇంజిను ఆపేయండి. గొర్రు గబగబా దిగిపోతోందంటే నూనెను పట్టి ఉంచాల్సిన చోట లీకు ఉంది. లిఫ్టు సిలిండరు పిస్టను రింగులు, నూనె గొట్టం మొదట్లో ఉండే ఓరింగులు, వాల్వులు... వీటిలో ఏదో ఒకటి. పక్కనున్న మూత విప్పి టార్చి వేసి చూస్తే నూనె ఎక్కడి నుంచి కారుతోందో చాలాసార్లు కంటికే కనిపిస్తుంది. అసలు లేవకపోతే, లేదా ఆయాసపడుతూ లేస్తే... అప్పుడు ఫిల్టరునూ పంపునూ అనుమానించాలి.

పంపు బయటికి రావాలంటే ఆయిలంతా దించి, పైనున్న లిఫ్టు కవరును చైన్ బ్లాకుతో ఎత్తి, పీటీవో షాఫ్టు వెనక్కి లాగి, పక్క పిన్నులు తియ్యాలి. మడిలో చేసే పని కాదు. షెడ్డులోనూ దుమ్ము లేని చోట చెయ్యాలి. కొత్త ఓరింగు మెలిపడితే తెగుతుంది, కాబట్టి నూనె రాసి కూర్చోబెట్టాలి. తుడవడానికి దూది పనికిరాదు, దాని పోగులు వాల్వులో ఇరుక్కుంటాయి.

పంపు బయట బిగించి ఉండే బండ్లలో షాఫ్టు సీలు దగ్గర కారుతుంది. సముద్రపు గాలికి షాఫ్టు తుప్పు పట్టి గరుకెక్కితే కొత్త సీలు పెదవినీ కోసేస్తుంది. సీలు మార్చిన నెలకే మళ్లీ కారిందంటే మిస్త్రీని అనేముందు షాఫ్టు మీద గోరు పెట్టి చూడండి. గాడి తగులుతుంది. రొయ్యల గుంటల్లో మట్టి తోలే ట్రాలీల జాకీ కడ్డీకీ ఇదే తిప్పలు. ఉప్పునీటిలో దిగిన బండిని ఆ సాయంత్రమే మంచినీళ్లతో కడగాలి.

చెయ్యి పెట్టొద్దు!

కారు టైరులో గాలి పీడనం 30 పౌండ్లుంటే, ఈ గొట్టాల్లో నూనెది వేలల్లో ఉంటుంది. సన్నని చిల్లు మీద వేలు పెడితే నూనె సూదిలా చర్మంలోకి దూరుతుంది. మొదట్లో నొప్పి తెలియకపోవచ్చు. అయినా గంటల్లోనే ఆపరేషను అవసరమవుతుంది, లేదంటే వేలే పోవచ్చు. లీకు వెతకడానికి అట్టముక్క అడ్డం పెట్టి చూడండి. ఇక లేపిన గొర్రు కిందికి దూరి బోల్టులు బిగించేవాళ్లను ఏ ఊళ్లోనైనా చూస్తాం. పట్టు లేని లిఫ్టు ఏ క్షణాన దిగుతుందో దానికే తెలియదు. ముందు గొర్రును నేలకు దించండి, కుదరకపోతే బలమైన దుంగలు పెట్టండి. పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వద్దు.

రిపేరయ్యాక గొర్రు ఎత్తి, ఇంజిను ఆపి, లిఫ్టు చెయ్యి ఎంత ఎత్తులో ఉందో పక్కన పాతిన కర్ర మీద సుద్దముక్కతో గీత గియ్యండి. టీ తాగొచ్చి చూడండి. చెయ్యి గీత దగ్గరే ఉంటే, బండి తెల్లారి దమ్ముకు పోవచ్చు.